మెలకువ బిళ్ల ఆరేలోగా

1

నర్సు ప్రసూన ఈ రాతపలక నా చేతిలో పెట్టి, "పిన్నిగారూ, రోజూ కషాయం ఎలా కాచారో, ఎవరికి ఎంత పోశారో, నిద్ర పట్టిందో లేదో ఇందులో రాస్తూ ఉండండి. మిగతా లంకల వాళ్లకి పనికొస్తుంది" అంది. నన్ను చూసి జనం నిద్రపోవడం నేర్చుకునే రోజులొస్తాయని ఇదివరలో ఎవరైనా అని ఉంటే, ఎండదెబ్బ తగిలిందేమోనని మజ్జిగ ఇచ్చి పంపేదాన్ని.

ఈ లంకలో నిద్రపోవడం వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే. ఇందులో నా గొప్పేమీ లేదు. మనిషికి నిద్రే అక్కర్లేకుండా చేసే మెలకువ బిళ్లలు వచ్చిన కొత్తలో, నా పసితనంలో, అందరితోపాటు నాకూ చెవి వెనక చర్మం కింద ఒకటి పెట్టారు. వారం తిరక్కుండా మెడంతా బూరెలా పొంగిపోతే పీకేశారు. నిద్ర ఎరిగిన అప్పటి పెద్దవాళ్లు పోయారు, మిగిలినవాళ్లు మర్చిపోయారు. అప్పటినుంచి లంకంతా రాత్రీ పగలూ తేడా లేకుండా పనులు చేసుకుంటుంటే, నేను మాత్రం దీపాలవేళకి ఆవలించేదాన్ని. 'నిద్రమొహం మాణిక్యం' అని పేరు పెట్టారు. పెళ్లిలో మిట్టమధ్యాహ్నం కనిపించినా "ఏం మాణిక్యం, ఇంకా పడుకోలేదా?" అని నవ్వేవారు. ఇప్పుడు వాళ్లే చాప చంకన పెట్టుకుని మా గుమ్మం ముందు నిలబడుతున్నారు. నాకు సంతోషంగా లేదని రాస్తే అబద్ధమవుతుంది.

మా ఆయన అబ్బులు తూము కాసే లస్కరు. లంక చుట్టూ ఉన్న కరకట్టకి సముద్రం వైపున తూము ఉంది. పోటు వచ్చేముందు దాని ఇనప తలుపులు దించాలి, లేకపోతే ఉప్పునీళ్లు చేలల్లోకీ ఇళ్లలోకీ వచ్చేస్తాయి. పాటు తీసి సముద్రం వెనక్కి పోయినప్పుడు ఎత్తాలి, లేకపోతే లోపలి నీళ్లు బయటికి పోవు. సముద్రం ఇంత దగ్గరికి జరిగొచ్చాక కూడా మేమింకా వంకాయలు పండించుకుంటున్నామంటే ఆ తలుపుల వల్లే. పూర్వం ఆ పనికి ముగ్గురు లస్కర్లు వంతులు వేసుకునేవారట. బిళ్లలు వచ్చాక ఒక్కడు చాలన్నారు. ఇప్పుడు ఆ ఒక్కడూ మా ఆయనే. ఇరవై ఏళ్ల పైమాట, ఒక్క పోటు కూడా వదల్లేదు.

ఇప్పుడు బిళ్లలు చేసిన కంపెనీ మూతపడింది. చార్జింగు గదికి తాళం పడింది. బిళ్లలో మిగిలిన చార్జి ఎంతో అంతే. చర్మం కిందనుంచి దాని దీపం కనిపిస్తూ ఉంటుంది. ఆకుపచ్చగా ఉంటే దిగుల్లేదు. పసుపుకి తిరిగితే కొన్ని వారాలు, ఎరుపుకి తిరిగితే కొన్ని రోజులు. అది ఆరేలోగా మనిషికి నిద్ర అలవాటు కావాలి. కాకపోతే ఉన్నపళంగా ఒళ్లు కూలబడుతుంది. ఎగువ లంకలో వడ్రంగి ఒకాయన అలాగే పడిపోయాడు. ఆసుపత్రిలో పెట్టారు, ఇంతవరకు కళ్లు తెరవలేదు.

మా ఆయన దీపం నిన్న పసుపుకి తిరిగింది.

2

ఆరోగ్యకేంద్రం వాళ్లు ఇంటికి రెండు గంజాయి మొక్కలిచ్చారు. రెండే. కుండీ మీద ఇంటి నంబరు వేసి ఉంటుంది, మూడోది కనబడితే పీకి పట్టుకుపోతారు. మా అమ్మ చిన్నప్పుడు ఆ మొక్క పేరెత్తితేనే పోలీసులు వచ్చేవారట. ఇప్పుడు ప్రసూన వచ్చి, నీళ్లు ఎక్కువ పోసి వేళ్లు కుళ్లబెడుతున్నానని నన్ను కోప్పడి పోతోంది. పెరట్లో కొత్తిమీర మడి పక్కన ఎండ తగిలేచోట పెట్టాను. కొత్తిమీర కన్నా అవే బాగా వచ్చాయి.

మొదటిసారి ప్రసూన చెప్పినట్టే ఎండబెట్టిన ఆకుని నీళ్లలో వేసి మరిగించాను. పసరు కంపు వచ్చింది గానీ తాగినవాళ్లలో ఒక్కరికీ కన్ను బరువెక్కలేదు. "నీ వంట బాగాలేదు" అని మా ఆయన నా మీద వేశాడు. ప్రసూన ఎవర్నో కనుక్కుని మర్నాడు వచ్చి అసలు సంగతి చెప్పింది. ఆకుని ముందు మూకుట్లో సన్నసెగ మీద వెచ్చబెట్టాలి, మాడకూడదు. తర్వాత కాస్త జిడ్డున్నదాంట్లో కాయాలి, ఒట్టి నీళ్లలో దాని సారం దిగదు. ఆ మాట మొదటే చెప్పొచ్చు కదా.

మాకు పాలు దొరకవు గానీ కొబ్బరికాయకి లోటు లేదు. చిక్కటి కొబ్బరిపాలు తీసి, కాసిని నీళ్లు కలిపి, ఆరోగ్యకేంద్రం వాళ్లిచ్చిన చెంచాతో కొలిచిన ఆకు వేసి, పొంగనివ్వకుండా కలుపుతూ కూర్చున్నాను. దింపేముందు నిమ్మగడ్డి, రెండు యాలకులు, చిటికెడు జాజికాయ పొడి, బెల్లం. గుడ్డలో వడకట్టాను. ఈసారి ఇల్లంతా మంచి వాసన వచ్చింది. ప్రసూన నియమాలు మూడు. మనిషికి ఒక్క గ్లాసే. తాగాక గంటో గంటన్నరో పడుతుంది గనక తొందరపడి రెండోది తాగకూడదు. తాగినవాళ్లు కరకట్ట ఎక్కకూడదు.

సాయంత్రం పాటుకి తలుపులు ఎత్తి వచ్చాక మా ఆయనకి గ్లాసు ఇచ్చాను. తాగి, మూతి తుడుచుకుని, గది మధ్యలో నిలబడ్డాడు.

"ఏదే, రాలేదే?" అన్నాడు కాసేపయ్యాక.

"ఏం రావాలి?"

"నిద్ర."

"నిలబడితే వత్తాదా? పడుకో ముందు."

"వచ్చినాక పడుకుంటాను. రాకండా పడుకుని ఏం సేత్తాను?"

మా ఆయన ఒక్కడే కాదు, లంకంతా ఇదే తంతు. కషాయం తాగి, బస్సు కోసం చూస్తున్నట్టు గుమ్మాల్లో నిలబడుతున్నారు. గంట దాటాక మోకాళ్లు సడలి గోడలు పట్టుకుంటున్నారు. ముందు పడుకోవాలని వాళ్లకి తట్టడమే లేదు. అది చెప్పాల్సిన సంగతని నాకూ తట్టలేదు.

3

ఇవాళ పంచాయతీ అరుగు మీద అందరికీ పడుకుని చూపించాను. ప్రసూన పట్టుబట్టింది.

చాప పరిచాను, దుప్పటి మడిచి తలకింద పెట్టుకున్నాను, పక్కకి తిరిగి కళ్లు మూసుకున్నాను. చుట్టూ జనం. "సెయ్యి ఎక్కడెట్టింది సూడు" అని ఒకరు, "నోరు మూసుకునే ఉంది" అని ఇంకొకరు. అంతమందిలో నిద్రేం పడుతుందిలే అనుకున్నాను. పట్టేసింది. చప్పట్లు కొట్టి లేపారు. రెండోసారి చూపించమన్నారు.

"కళ్లు మూసినాక ఏం సేత్తావు?" అని మా పక్కింటి దాక్షాయణి వదిన అడిగింది.

"ఏమీ సెయ్యను వదినా."

"ఏమీ సెయ్యకండా ఎలాగుంటావు?"

ఇన్నేళ్లుగా చేస్తున్న పని, ఎలా చేస్తున్నానో ఒక్క ముక్క చెప్పడం రాలేదు.

ఇంకో చిక్కు దీపాలతో వచ్చింది. మా ఇళ్లలో దీపాలకి స్విచ్చులు లేవు. కట్టినవాళ్లకి వాటిని ఆర్పాల్సిన అవసరం వస్తుందని తోచలేదు. పడకగదులూ లేవు. నేను ఇన్నాళ్లూ ధాన్యం బస్తాల మధ్య, దీపం లేని సామాన్ల గదిలో పడుకునేదాన్ని. ఇప్పుడు అందరూ కిటికీలకి పాత గోనె పరజాలు కడుతున్నారు, దీపాల మీద వంకాయల బుట్టలు బోర్లిస్తున్నారు. మా ఇంట్లో ఊరగాయ జాడీ బోర్లించాను. గదిలో చీకటి చూసి మా ఆయన బయటికొచ్చేశాడు.

4

దాక్షాయణి వదిన గురించి రాయాలి. నవ్వు ఆపుకుని రాస్తున్నాను.

ఆవిడ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. చురుకైన మనిషి, ఏ పనైనా ముందే తెముల్చుకోవాలంటుంది. వారం కిందట పొద్దున్నే మా ఇంటికొచ్చి తన గ్లాసు అడిగి పట్టుకుపోయింది. సాయంత్రానికి దాచుకుంటుందనుకున్నాను. దీపాలవేళకి వెళ్లి చూస్తే వరండాలో వెల్లకిలా పడి గుర్రు పెడుతోంది. పందిరి మీద చేపలు కాకులు తినేశాయి.

లేపితే కళ్లు నులుముకుంటూ చెప్పింది. "ఎలాగూ సెయ్యాల్సిన పనేగదా మాణిక్యం, పొద్దున్నే కానిచ్చేత్తే రోజంతా కలిసొత్తాదనుకున్నాను."

లేవగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "నేను లేనప్పుడు ఏం జరిగింది?" అని. ఇది కూడా లంకలో కొత్త వాడుక. నిద్రపోయాను అనరు, 'లేను' అంటారు. రాత్రి నేను లేను, మధ్యాహ్నం కాసేపు లేను. వినడానికి నాకు ఒళ్లు జలదరిస్తుంది. అందుకని నిద్రపోయేవాళ్లకి ఇంట్లో ఒకరు కాపు ఉంటున్నారు. లేచాక వాళ్లు లేనప్పటి సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పాలి. పిల్లి గోడ దూకింది, సీతాఫలం రాలింది, ఫలానా ఆవిడ దగ్గింది. అంతా విన్నాకగానీ లేచి ముఖం కడుక్కోరు. కాకుల సంగతి దాక్షాయణి వదినకి నేనే చెప్పాల్సి వచ్చింది.

ఆవిడకి పగలే అలవాటైపోయింది. పొద్దున్న గ్లాసు తాగితే సాయంత్రం దాకా లేవదు, రాత్రంతా పిడుగులా తిరుగుతుంది. పంచాయతీ వాళ్లు ఇది చూసి, రాత్రి పోటుకి తూము తలుపులు దించే పని ఆవిడకి అప్పగించారు. పగటి పోటు మా ఆయనది.

ఈ సంగతి వినగానే మా ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

5

ఇన్ని రోజుల్లో లంకలో చాలామందికి కాస్తో కూస్తో నిద్ర పట్టింది. కొందరు కషాయం మానేసి కూడా పడుకుంటున్నారు. మా ఆయనకి ఒక్క కునుకు లేదు.

ఆయన్ని తప్పు పట్టడానికి నాకు చాలా ఓపిక ఉంది గానీ, ఒక్క విషయంలో పట్టను. తూము పని ఉన్నంతసేపు గ్లాసు ముట్టడు. మత్తులో తలుపుల చక్రం తిప్పకూడదంటాడు. పాటుకి ఎత్తి వచ్చి తాగుతాడు, పడుకుంటాడు, ఇప్పుడు పడుకుంటున్నాడు పాపం, నేను చెప్పినట్టే పక్కకి తిరుగుతాడు. కానీ చెవులు మాత్రం తూము దగ్గరే ఉంటాయి. కళ్లు మూసుకుని, "నీరు మళ్లింది" అంటాడు. "గాలి తిరిగింది" అంటాడు. దాక్షాయణి వదిన తలుపులు దించే వేళకి లేచి కూర్చుంటాడు. ఆవిడ సరిగ్గానే దించుతోంది. వెళ్లి చూసొచ్చినవాళ్లు చెప్పినా వినడు.

"సేపలెండేసుకునేదానికి తలుపులేం తెలుత్తాయే?" అంటాడు.

"నువ్వేమన్నా తెలుసుకునే పుట్టావా? నేర్పితే నేర్చుకుంటాది" అన్నాను.

ఇవాళ పొద్దున్న ఆయన తల దువ్వుకుంటుంటే చూశాను. దీపం ఎర్రగా ఉంది.

6

ఇది ప్రసూనకి చూపించాలంటే భయంగానే ఉంది, అయినా రాస్తున్నాను.

నిన్న సాయంత్రం మా ఆయన గ్లాసు తాగి గంటసేపు చూశాడు. ఏమీ రాలేదని, నేను బావి దగ్గర ఉన్నప్పుడు, వడకట్టి పెట్టిన రెండో గ్లాసూ తాగేశాడు. అది మర్నాడు పొద్దున్నకి దాక్షాయణి వదిన కోసం పెట్టింది. నేను వచ్చేసరికి మంచం కోడు పట్టుకుని నేలమీద కూర్చున్నాడు. ఒళ్లంతా చెమట. గుండె దడదడలాడుతోందంటాడు. ఇల్లు ఊగుతోందంటాడు. "తలుపులు తెరిసే ఉన్నాయే, నీళ్లు వచ్చేత్తన్నాయి, వంటింటిదాకా వచ్చేసినాయి" అని ఒకటే గోల. ఆ సమయానికి పాటు. ఒక్క చుక్క నీళ్లు రావు. చెప్పినా ఎక్కలేదు. లేచి కరకట్ట మీదికి పరిగెత్తబోతే నడుము పట్టుకుని కూర్చోబెట్టాను. నా కన్నా బలవంతుడు, అయినా వదల్లేదు.

ప్రసూన పరిగెత్తుకుంటూ వచ్చింది. నాడి చూసి, కిటికీ పరజా తీయించి, మంచినీళ్లు తాగించింది. "బాబాయిగారూ, ఇది దానంతటదే దిగిపోతుంది. మీకేం కాదు. నా చెయ్యి పట్టుకోండి" అని పక్కనే కూర్చుంది. దిగడానికి చాలాసేపు పట్టింది. అప్పుడైనా నిద్ర పడుతుందేమోనని ఆశపడ్డాను. భయంతో ఇంకా బిగుసుకుపోయాడు.

వెళ్తూ ప్రసూన నన్ను చీవాట్లు పెట్టింది. మిగిలిన కషాయం చేతికందేచోట ఉంచినందుకు. ఇకనుంచి అందరూ రాసుకోండి, కాచినదాన్ని కాచినట్టు అలమర్లో పెట్టి తాళం వేయాలి. తర్వాత గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "ఎగువ లంక వడ్రంగి పోయాడు పిన్నిగారూ" అంది.

మా ఆయన ఇక గ్లాసు ముట్టనన్నాడు.

7

ఇవాళ ఇద్దరం బాగా దెబ్బలాడుకున్నాం. రాయాలో వద్దో తెలియక మధ్యాహ్నం దాకా పలక పట్టుకుని కూర్చున్నాను. నిద్ర గురించే కనక రాస్తున్నాను.

"ఎరుపు మీద పడి ఎన్నాళ్లయింది? పోతావయ్యా" అన్నాను.

"పోతే పోతాను. తూము దగ్గిర పోతాను."

"మరి నా సంగతేంటి? నీకు తూమొకటే ఉందా ఈ లంకలో?"

ఆయన చక్రానికి రాసే గ్రీజు చేతులకి అంటుకుని ఉంటే కొబ్బరిపీచుతో తుడుచుకుంటున్నాడు. తుడుచుకుంటూనే చెప్పాడు.

"రాత్రి తలుపులు దించి వచ్చి సామాన్ల గది తీసి సూసేవోణ్ణి. రోజూ. నువ్వు అలా పడుంటే ఊపిరి ఆడతందో లేదో తెలిసేది కాదు. వొంగుని ముక్కుకాడ సెయ్యెట్టేవోణ్ణి. పెళ్లయినప్పట్నించీ సూత్తన్నాను, ఒక్కరోజు అలవాటవ్వలేదే. పొద్దున్నే నువ్వు లేసి పళ్లపొడి ఎక్కడెట్టేవని అరిసినాకగానీ నాకు పేణం కుదుటపడేది కాదు."

ఇన్నేళ్ల కాపురంలో ఈ మాట ఎన్నడూ చెప్పలేదు. "ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"సెప్తే నువ్వు బయ్యపడి పడుకోవు."

నాకు ఏడుపొచ్చింది. చీరకొంగు నోట్లో పెట్టుకుని వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. కళ్లు మూసుకోగానే పట్టేసే నిద్ర నా ఒంటి గుణమనుకున్నాను ఇన్నాళ్లూ. జనానికి చూపించి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. తలుపులు దించే మనిషి మేలుకుని ఉన్నాడు, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసే మనిషి ఉన్నాడు, అందుకని పట్టింది నాకు నిద్ర. ఆయనకి అలాంటి మనిషెవరూ లేరు.

ముఖం కడుక్కుని వచ్చి, "నేను కాపుంటాను. తెల్లార్లూ కూచుంటాను. లేచాక అన్నీ చెప్తాను" అన్నాను.

"నువ్వా!" అని నవ్వాడు. చాలా రోజులకి నవ్వాడు. "దీపాలెట్టకముందే తూలిపోతావు, నువ్వు కాపా?"

"మిరియాలు నములుతాను. నీళ్లలో కాళ్లెట్టుకుని కూచుంటాను. నీకెందుకు?"

8

ఇవాళ మధ్యాహ్నం, కషాయం తాగకుండానే పడుకున్న దాక్షాయణి వదినని మా ఆయన నిద్ర లేపి తూము దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ గొణుగుతూనే వెళ్లింది. నేనూ వెళ్లాను. చక్రం తిప్పమన్నాడు. తలుపు దిగేటప్పుడు తాను వెనక్కి తిరిగి, కరకట్ట మీద నిలబడి, కళ్లు మూసుకుని విన్నాడు. "కుడి తలుపు ముందు దిగాలి, ఎడంది ఎనకాల. ఎడంది కింద తగిలినప్పుడు రెండుసార్లు సప్పుడవ్వుద్ది. ఒక్కసారే అయితే కింద సెత్త అడ్డం పడ్డట్టు. ఎత్తి మళ్లీ దించాలి" అన్నాడు.

"నాకు తెలుసు. మొన్న అలాగే అడ్డంపడితే ఎత్తి దించేను" అంది దాక్షాయణి వదిన.

"మొన్నెప్పుడు?"

"నీకు రెండు గళాసులు ఎక్కిననాడు."

మా ఆయన ఇంకోసారి తిప్పమన్నాడు. ఇంకోసారి విన్నాడు. ఆవిడ విసుక్కుని, "అన్నయ్యా, నాకిక్కడే ఇల్లుంది. నీళ్లొత్తే నా సేపలు పోవా?" అంది. ఆ మాటకి గ్రీజు డబ్బా ఆవిడ చేతికిచ్చాడు. ఆ డబ్బా ఇంకొకరు ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.

సాయంత్రం అన్నం పెట్టాను. కషాయం కొద్దిగా పలచగా కాచాను, ప్రసూనని అడిగే. ఒక్క గ్లాసు పోసి, మిగిలింది అలమర్లో పెట్టి తాళం వేసి, తాళంచెవి ప్రసూన చేతికే ఇచ్చి పంపాను. దీపం మీద జాడీ బోర్లించాను. ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. చెవి వెనక ఎరుపు ఆగి ఆగి వెలుగుతోంది.

"నువ్వు కూచుంటావుగా?" అన్నాడు.

"కూచుంటాను."

"ఏదన్నా అయితే లేపుతావుగా?"

"లేపుతాను. తాగు."

తాగాడు. ఇంక పలక పక్కన పెడుతున్నాను, ఆయన పక్కకి వెళ్లాలి.

9

తెల్లారింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

రాత్రి ఆయన పడుకుంటే నేను పక్కనే చాప మీద కూర్చున్నాను. బుగ్గలో మిరియాలు పెట్టుకున్నాను. కాసేపటికి కళ్లు మూసుకునే, "ఏం ఇనపడతంది?" అని అడిగాడు. నాకు వినబడేవి చెప్పడం మొదలుపెట్టాను. కుడి తలుపు దిగింది. ఎడంది దిగింది, రెండుసార్లు చప్పుడైంది. దాక్షాయణి వదిన చక్రానికి గొలుసు వేస్తోంది. ఎవరింట్లోనో చెంబు దొర్లింది. చెప్తూ చెప్తూ నడుము నొప్పెడితే ఒరిగాను, ఒరిగి చెప్తున్నాను. ఆయన మధ్యమధ్యలో "ఊఁ" అంటున్నాడు. కప్పలు అరుస్తున్నాయని చెప్పడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తులేదు.

మెలకువ వచ్చేసరికి పరజా సందుల్లోంచి ఎండ పడుతోంది. బుగ్గలో మిరియాలు అలాగే ఉన్నాయి. ఆయన వైపు తిరగడానికి ధైర్యం చాలలేదు. చెయ్యి చాపి ముక్కు దగ్గర పెట్టాను. వెచ్చగా తగిలింది. నోరు తెరుచుకుని, ఒక చెయ్యి నా కొంగు మీద వేసుకుని, గురక పెడుతున్నాడు. ముందు ఎవరికి పట్టిందో దేవుడికే తెలియాలి.

చెవి వెనక చూశాను. దీపం ఆరిపోయి ఉంది. అది ఆరినా మనిషి ఊపిరి తీస్తూనే ఉన్నాడు.

కాసేపటికి కదిలాడు. కళ్లు తెరిచి, ఇంటికప్పు చూసి, నన్ను చూసి, అందరూ అడిగేదే అడిగాడు. "నేను లేనప్పుడు ఏం జరిగిందే?"

అబద్ధం ఆడదామనుకున్నాను. పిల్లి, చెంబు, గాలి, ఏదో ఒకటి కల్పించి చెప్తే ఆయనకి హాయిగా ఉంటుంది. నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూస్తే ఆడలేకపోయాను.

"నాకు తెల్దయ్యా. నేనూ పడుకున్నాను."

"ఎప్పట్నించి?"

"కప్పల దగ్గర్నించి."

లేచి చెప్పులు కూడా తొడుక్కోకుండా కరకట్ట మీదికి వెళ్లాడు. నేను వెనకాలే వెళ్లి మెట్ల దగ్గర నిలబడ్డాను. కట్టకి అవతల నీళ్లు ఎంతదాకా రావాలో అంతదాకే వచ్చి దిగిపోయిన తడి కనిపిస్తోంది. ఇవతల చేలు పొడిగా ఉన్నాయి. తలుపులు పాటుకి ఎత్తి ఉన్నాయి. దాక్షాయణి వదిన గట్టు మీద కూర్చుని చద్దన్నం తింటూ, "అన్నయ్యా, గ్రీజు తక్కువుంది, తెప్పించు" అంది. ఆయన తలూపి, తలుపులు ఒకసారి చేత్తో తడిమి, ఇంటికి తిరిగొచ్చాడు.

గుమ్మంలో ఆగాడు. చెవి వెనక ఆరిపోయిన బిళ్లని వేలితో నొక్కి చూసుకుంటున్నాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. కోపం కాదు. పసిపిల్లాడిలా ఉన్నాడు.

"నువ్వూ లేవు, నేనూ లేను. ఎవురూ సూడలేదు. అయినా తెల్లారింది" అన్నాడు. "మరి ఇన్నేళ్లూ నేను మేలుకుని ఏం సేసినట్టే, మాణిక్యం?"

"ఇన్నేళ్లూ నేను పడుకున్నానుగదయ్యా" అన్నాను.

ఆయన కళ్లలో నీళ్లు నిండినా తుడుచుకోలేదు. తర్వాత లోపలికి వచ్చి, నా చాప మీదే కూర్చుని, కాళ్లు చాపుకున్నాడు.

"పోటుకింకా టైముంది" అని గోడవైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు.